అలిగిన బతుకమ్మకు ఒక రోజు సెలవు, ఇంటి ఆడవాళ్లకు ఏది?

బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఆరో రోజుకు నైవేద్యం లేదు. అలిగిన బతుకమ్మ అంటారు. ఆ రోజు పూలు పేర్చరు, ఆడరు, అమ్మవారికి ఏమీ వండిపెట్టరు. ఎందుకు అలిగిందంటే ఊరికో కథ చెప్తారు, మాంసం ముద్ద తగిలి అపచారం జరిగిందనేది అందులో ఒకటి. కథ ఏదైతేనేం, పండుగ నడుమ ఒక రోజు ఖాళీ వచ్చింది. ఇప్పుడు హన్మకొండలోనో కాజీపేటలోనో ఒక మామూలు ఇంట్లో ఆ ఖాళీ రోజు ఎట్లా గడుస్తుందో చూడండి. పొద్దున్నే బ్లౌజు కోసం టైలర్ దగ్గరికి మూడోసారి, అక్కడ "రేపు పక్కా మేడమ్" అనిపించుకుని వెనక్కి, సాయంత్రం దాకా ఆఫీసు, అటు నుంచి అటే పిల్లల బట్టలకు వరంగల్ చౌరస్తా, రాత్రి ఇంటికొచ్చి ఊరి నుంచి రాబోయే ఆడబిడ్డ కోసం పై గది ఊడ్చి కడగడం, పడుకునే ముందు, తొమ్మిదో రోజు చేసే సద్దులకు నువ్వులు వేయించి పొడి కొట్టి డబ్బాలో పోయడం. అమ్మవారు అలిగి కూర్చుంది, ఇంట్లో ఆమెకు అలగడానికి కూడా తీరిక దొరకలేదు.

పండుగల సీజన్ టెన్షన్ గురించి మాట వస్తే "పండుగలు ఎక్కువైపోయినయి" అంటారు చాలామంది. లెక్క చూస్తే పండుగలు అవే. 2025లో వినాయక చవితి ఆగస్టు 27న, దీపావళి అక్టోబర్ 20న వచ్చాయి, నడుమ 54 రోజులు, గణపతి నవరాత్రులు, పెత్రమాస (మహాలయ అమావాస్య), బతుకమ్మ, దసరా అన్నీ అందులోనే. యాభై ఏళ్ల కిందట కూడా వరుస ఇదే. పైగా అప్పటి ఇంటిపని ఇప్పటికంటే బరువు, నీళ్లు బావిలో నుంచి చేదాలి, పిండి దంచాలి లేదా విసరాలి, కట్టెల పొయ్యి ఊదాలి. మరి మిక్సీ, గ్యాసు, వాషింగ్ మెషిన్ అన్నీ ఉన్న ఇంట్లో పండుగ దగ్గర పడుతుంటే గుండెల్లో దడ ఎందుకు? రెండు సంగతులు కనిపిస్తాయి. చేయాల్సినవి పెరిగాయి, చేసే చేతులు తగ్గాయి. ఈ రెండూ ఒకేసారి జరిగాయి కాబట్టి ఏది దెబ్బ తీసిందో ఎవరికీ సరిగ్గా తెలియలేదు.

చేయాల్సిన వాటి సంగతి ముందు. బతుకమ్మ నైవేద్యాల వరుసను వంట చేసే మనిషి కంటితో ఒకసారి చదవండి. ఎంగిలిపూల రోజు నువ్వులు, బియ్యప్పిండి. రెండో రోజు అటుకులు, బెల్లం. మూడో రోజు ముద్దపప్పు. నాలుగో రోజు నానబెట్టిన బియ్యంలో పాలు, బెల్లం. ఐదో రోజు అట్లు. ఆరో రోజు ఏమీ లేదు. ఏడో రోజు బియ్యప్పిండిని వేపకాయలంత చేసి నూనెలో వేయించడం. ఎనిమిదో రోజు నువ్వులు, వెన్న, బెల్లం కలిపిన ముద్దలు. అటుకులకూ నానబియ్యానికీ అసలు పొయ్యి వెలిగించే పనే లేదు! అట్లు, వేపకాయలు తీసేస్తే మిగతావి పది నిమిషాల పనులు, పప్పైతే ఇంట్లో ఎట్లాగూ ఉడుకుతుంది. పెద్ద వంటంతా తొమ్మిదో రోజు సద్దులకే. ఈ వరుస పెట్టిన వాళ్లు పగలంతా చేన్లో పని చేసే వాళ్లన్నది అందులోనే కనిపిస్తుంది, పొద్దుగూకే వేళకు ఇంటికొచ్చి, దారిలో తెంపుకొచ్చిన పూలు పేర్చి, ఆడి, చెరువులో వేసి రావాలంటే వంట అంతకు మించి ఉండే వీలు లేదు.

ఈ తేలికైన వరుస మీద గత పదిహేను ఇరవై ఏళ్లలో ఎన్ని వచ్చి కూర్చున్నాయో చూడండి. నవరాత్రులకు రోజుకో రంగు చీర. అపార్ట్‌మెంట్‌లో బతుకమ్మ పోటీ, దానికి ఎంట్రీ, దానికి ప్రైజు. ఒక రోజు దాండియా. వచ్చిన ముత్తైదువలకు పసుపు కుంకుమతో పాటు స్టీలు గిన్నెనో ప్లాస్టిక్ డబ్బానో రిటర్న్ గిఫ్ట్. స్టేటస్‌కు ఫోటో, ఫోటోకు లైటింగ్, రీల్‌కు మళ్లీ ఇంకోసారి ఆట. బతుకమ్మ ఎత్తు కూడా ఏటేటా పెరుగుతోంది, నిరుడు మోకాళ్ల దాకా వచ్చింది ఈయేడు నడుము దాకా రావాలని పట్టుదల. 2025లో హైదరాబాద్ సరూర్‌నగర్ స్టేడియంలో అరవై అడుగులు దాటిన బతుకమ్మ పేర్చి గిన్నిస్ రికార్డు కొట్టారు, అది ప్రభుత్వం చేయించిన పని, ఎన్నో చేతులు పడ్డ పని. మూడు గదుల ఇంట్లో ఇద్దరు మనుషులతో ఆ దిక్కుగా నడవాలనుకోవడం ఎందుకో ఆలోచించాల్సిందే.

వీటిలో ఏ ఒక్కటీ చెడ్డది కాదు, ఒక్కొక్కటిగా చూస్తే అన్నీ సరదావే. చిక్కేమిటంటే కొత్తది వచ్చినప్పుడు పాతది ఏదీ పోలేదు. మనుషుల బుద్ధి అట్లాగే పని చేస్తుందని 2021లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. వర్జీనియా యూనివర్సిటీకి చెందిన గాబ్రియెల్ ఆడమ్స్, లైడీ క్లాట్జ్, ఇంకా వాళ్ల తోటివాళ్లు చేసిన పరీక్షల్లో ఒకటి పిల్లల లెగో ఇటుకలతో. చిన్న కట్టడం, దాని పైకప్పు ఒక మూల ఒకే ఒక్క ఇటుక మీద ఊగుతూ ఉంటుంది, బరువు పెట్టినా పడిపోకుండా దాన్ని గట్టి చేయాలి. చేస్తే ఒక డాలర్ ఇస్తారు, కొత్తగా వాడిన ప్రతి ఇటుకకు పది సెంట్లు కోస్తారు. తేలికైన దారి ఏమిటంటే ఆ ఊగే ఇటుకను తీసేయడం, కప్పు కింది దాని మీద సాఫుగా కూర్చుంటుంది, ఖర్చు సున్నా. అయినా పదిమందిలో నలుగురికే ఆ దారి తట్టింది, మిగతావాళ్లు డబ్బులు పోతున్నా ఇటుకలు కలుపుతూ పోయారు. "తీసేస్తే ఖర్చేమీ లేదు" అని ముందే ఒక ముక్క చెప్పిన గుంపులో మాత్రం ఆరుగురికి తట్టింది. అంటే తీసేయడం ఇష్టం లేక మానలేదు, తీసేయొచ్చన్న సంగతే గుర్తుకు రాలేదు. దసరా ముందు ఇంట్లో కాగితం మీద రాసుకునే జాబితా ఎప్పుడైనా చూస్తే ఇదే కనిపిస్తుంది, "తేవాల్సినవి", "చేయాల్సినవి" అని రెండు వరుసలుంటాయి, "ఈయేడు వద్దు" అనే వరుస మాత్రం ఏ కాగితం మీదా ఉండదు.

చేతులు తగ్గిన కథ ఇంకోటి. గునుగు పువ్వును చూస్తే అర్థమవుతుంది. బతుకమ్మకు తంగేడు, గునుగు రెండూ ఉండాలి, బంతీ చామంతీ ఎన్ని తెచ్చినా ఈ రెండు లేకపోతే పెద్దవాళ్లకు మనసొప్పదు. తంగేడు గుత్తులుగా పెడితే సరిపోతుంది, గునుగు అట్లా కాదు. తెల్లగా, వెండి తీగలాగా ఉండే ఆ కంకులను ముందు ఒక్క పొడవుకు కోయాలి, కాడలన్నీ సమంగా వచ్చేట్టు గుప్పెడు గుప్పెడు పట్టి దారంతో చుట్టాలి, కొసలను రంగు నీళ్లలో ముంచాలి, గులాబీ ఒక గిన్నె, నీలం ఒక గిన్నె, కొన్నింటిని తెల్లగానే వదలాలి, నీళ్లు కారిపోయేదాకా పేపర్ మీద ఆరబెట్టాలి. అప్పుడు తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, కట్టలను కాడలు లోపలికి, పూలు బయటికి వచ్చేట్టు వరుసగా తిప్పుతూ పేర్చాలి, నడుమ ఖాళీ అవుతూ ఉంటుంది, అందులో ఆకులూ కాడల ముక్కలూ కుక్కి అణచకపోతే నాలుగో వరుస దగ్గర ఒక పక్కకు ఒరుగుతుంది. ఒక్క మనిషి కూర్చుంటే నడుము పోతుంది, గోళ్ల సందున రంగు రెండు రోజులు పోదు. అదే నలుగురు కూర్చుంటే? ఒకరు కోస్తారు, ఒకరు కడతారు, ఒకరు ముంచుతారు, ఒకరు పేరుస్తారు, నడుమ పక్కింటి వాళ్ల ముచ్చట్లు, ఎప్పుడయిందో తెలియకుండా అయిపోతుంది. పని అదే, బరువు వేరు.

వాడకట్టంతా ఒకరింట్లో ఒకరు కూర్చుని చేసుకున్న పనులివి. సంక్రాంతికి సకినాలు కూడా అంతే, ఇయ్యాల వీళ్లింట్లో చుడితే రేపు వాళ్లింట్లో, బట్ట పరిచి చుట్టూ ఆరుగురు కూర్చుంటే పది సేర్ల పిండి పొద్దుగూకే లోపల అయిపోయేది. ఉమ్మడి ఇల్లు పోయి ముగ్గురు నలుగురి ఇళ్లొచ్చాయి, ఆడవాళ్లు ఉద్యోగాలకు పోతున్నారు, బడులకు దసరా సెలవులు రెండు వారాల దాకా ఉన్నా బ్యాంకులకూ ఆసుపత్రులకూ సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ ఉండవు. పూలు కూడా దూరమయ్యాయి, తంగేడు, గునుగు మొలిచే బీడు భూములు ప్లాట్లయ్యాక హన్మకొండ కుమార్‌పల్లి మార్కెట్‌లో కట్టకింత అని కొనుక్కోవాల్సిందే. అయితే ఆరుగురు చేసిన రోజుల్లో ఎన్ని రకాలు ఉండేవో ఒక్కరే చేసే రోజుల్లోనూ అన్నే ఉండాలన్న లెక్క మాత్రం ఇంట్లో ఎవరూ తిరిగి వేయలేదు.

చేతులు తగ్గాయంటే అందరి చేతులూ సమానంగా తగ్గాయని కాదు. 2019లో దేశవ్యాప్తంగా జరిగిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది, మగవాళ్లలో చేసేవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. ఇది మామూలు రోజుల లెక్క. పండుగ రోజుల్లో మగవాళ్లు అసలు ఏమీ చేయరనడం అన్యాయమే, మామిడాకులు కడతారు, బండి కడుగుతారు, మటన్ షాపు ముందు తెల్లవారకముందే లైన్లో నిలబడతారు. అయితే ఈ పనుల్లో ఒక సుఖం ఉంది, మొదలుంటుంది, చివర ఉంటుంది. మటన్ తేవడంతో పని ఖతం. ఎన్ని కిలోలు తేవాలి, ఎవరెవరు వస్తున్నారు, వాళ్లలో శాకాహారం తినేవాళ్లెవరు, అల్లం వెల్లుల్లి ఉందా, పెద్దమ్మకు పళ్లు లేవు కాబట్టి మెత్తగా ఉడికించి వేరే తీయాలా, ఇవన్నీ ఇంకొకరి తలలో తిరుగుతుంటాయి.

తలలో తిరిగే ఈ పనినే అమెరికా సమాజ శాస్త్రవేత్త ఆలిసన్ డామింజర్ 2019లో విడిగా తీసి పరిశీలించింది. 35 జంటలతో మాట్లాడి ఇంటి ఆలోచన పనిని నాలుగు ముక్కలుగా చూపించింది: ఏమవసరం వస్తుందో ముందే ఊహించడం, దానికి ఏమేం దారులున్నాయో వెతకడం, ఏదో ఒకటి తేల్చడం, అది అయిందా లేదా అని కనిపెట్టుకుని ఉండడం. తేల్చే దగ్గర భార్యాభర్తలిద్దరూ కూర్చుంటారు, మొదటిదీ చివరిదీ మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయని ఆమెకు కనిపించింది. మన దగ్గర ఇది చూడడానికి పరిశోధన కూడా అక్కర్లేదు. "ఏం చీర కొందాం" అనే ముచ్చట ఇద్దరిదీ, ఆ చీరకు ఫాల్ కుట్టించాలని గుర్తుంచుకునేది ఒక్కరే.

అందుకే "అన్నీ చేయకు, కొన్ని కొనుక్కో" అనే సలహా సగమే పని చేస్తుంది. కొనడం వల్ల చేతుల పని తగ్గుతుంది, తలపని అట్లాగే ఉంటుంది, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. రెడీమేడ్ బతుకమ్మ ఇప్పుడు హన్మకొండలో దొరుకుతుంది, అయితే ముందు రోజు చెప్పాలి, అడ్వాన్స్ ఇవ్వాలి, సాయంత్రం నాలుగింటికి ఆటోలో ఒరగకుండా పట్టుకుని తేవాలి, అమ్మేవాడు ఫోన్ ఎత్తకపోతే ఇంటిల్లిపాదీ గేటు దగ్గర. పూలు కట్టడంలో పోయే రెండు గంటలు ఫోన్లలో పోతాయి. సకినాల విషయంలో మాత్రం కొనడం నిజంగా భారం దించింది, ఒప్పుకోవాలి. ఏడాది పొడుగునా షాపుల్లో దొరుకుతున్నాయి, పోయి అరకిలో తెచ్చుకోవచ్చు, ఎవరినీ కనిపెట్టుకుని ఉండాల్సిన పని లేదు. తేడా అక్కడే. అరల్లో ఉన్నది తెచ్చుకోవడం వేరు, ఆర్డర్ ఇచ్చి ఎదురుచూడడం వేరు. పండుగకు వారం ముందు నుంచి టైలర్లు, పూలవాళ్లు, వంటవాళ్లు, క్యాబ్‌వాళ్లు అందరూ ఇచ్చే టైములు ఒట్టి ఆశలే, మనం మనకు ఇచ్చుకునే టైములు కూడా అంతే. 1994లో కెనడాలో రోజర్ బ్యూలర్ బృందం విద్యార్థులను మీ థీసిస్ ఎన్నాళ్లకు పూర్తవుతుందని అడిగితే సగటున 34 రోజులన్నారు, పట్టింది 55 రోజులు. సద్దుల రోజు "పన్నెండింటికల్లా వంట అయిపోతది" అనే మాట కూడా ఇదే బాపతు.

కాబట్టి మిగిలిన దారి కొన్నింటిని పూర్తిగా మానేయడం. ప్రతిదాన్నీ కొంచెం కొంచెం తగ్గించడం వల్ల లాభం తక్కువ. ఆరు రకాలను ఆరూ సగం సగం చేస్తే గిన్నెలు ఆరూ కడగాలి, సామాన్లు ఆరింటికీ తేవాలి, తలలో ఆరూ ఉంటాయి. మూడు రకాలు చేస్తే మూడు రకాల ఆలోచనే పోతుంది.

ఏది మానొచ్చు, ఏది మానకూడదు? ఈ దగ్గరే ఇళ్లలో గొడవలు వస్తాయి, అత్తా కోడళ్ల నడుమ మాట పట్టింపులు వస్తాయి. దీనికి కొత్త సూత్రం కనిపెట్టాల్సిన పనేం లేదు, మన భాషలోనే మొక్కు వేరు, ఆనవాయితీ వేరు, అలవాటు వేరు. మొక్కు తీర్చాలి, దాని జోలికి ఎవరూ పోరు. ఆనవాయితీ అంటే ఇంటి పెద్దలు తరతరాలుగా చేసింది, పెత్రమాస నాడు పెద్దల పేరిట బియ్యం ఇవ్వడం, దసరా సాయంత్రం జమ్మి తెచ్చి పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కడం వంటివి, వీటికి పెద్దగా ఖర్చూ లేదు పనీ లేదు. అలవాటు అంటే నాలుగైదేళ్ల నుంచి జరుగుతున్నది, కాబట్టి జరగాల్సిందే అనిపిస్తున్నది. రిటర్న్ గిఫ్టులు, రోజుకో రంగు, దసరా నాడు బిర్యానీతో పాటు మూడు రకాల కూరలు, పిల్లలకు రెండు జతల బట్టలు, అన్నీ ఈ మూడో గంపలోవే. ఒకసారి ఇంటిల్లిపాదీ కూర్చుని గంపలు వేరు చేస్తే విచిత్రంగా కనిపించేది ఏమిటంటే, ఎక్కువ పనీ ఎక్కువ ఖర్చూ మూడో గంపలోనే ఉంటాయి, మొదటి రెండూ చాలా తేలిక. పెద్దవాళ్లకు పట్టింపు ఉండేది మొదటి రెండింటి మీదే, రిటర్న్ గిఫ్టు మానేస్తామంటే ఏ అత్తా అడ్డం చెప్పదు, బహుశా సంతోషిస్తుంది.

పండుగను తగ్గించుకుంటే ఏమన్నా అవుతుందేమోనన్న భయానికి కూడా మన దగ్గరే జవాబుంది. ఇంట్లో ఎవరైనా పోతే ఆ ఏడాది పండుగ చేయరు. "మాకు ఈయేడు పండుగ లేదు" అని ఒక్క మాట చెప్తే అందరూ సరే అంటారు, ఎవరూ చిన్నబుచ్చరు, కొందరు తమ ఇంట్లో వండింది ఒక గిన్నె తెచ్చి ఇచ్చి పోతారు. అంటే పండుగ చేయకపోవడానికి సమాజం ఒప్పుకునే దారి ఎప్పటినుంచో ఉంది. ఆపరేషన్ అయి మంచం మీదున్న ఇంటికీ, నెలల పాప ఉన్న ఇంటికీ, నైట్ డ్యూటీలతో నలిగిపోయిన నర్సు ఇంటికీ ఆ సడలింపు ఎందుకు వర్తించకూడదు? పూర్తిగా మానమని కాదు, సగం పండుగ చేసుకునే హక్కు. వరుస మారితే పండుగ చెడిపోతుందా అంటే వేములవాడను చూడండి, అక్కడ సద్దుల బతుకమ్మ ఏడో రోజుకే అయిపోతుంది, అత్తగారింట్లో ఒకటి తల్లిగారింట్లో ఒకటి రెండు చోట్లా ఆడుకోవడానికి అట్లా పెట్టుకున్నారని చెప్తారు. రాజన్న గుడి ఉన్న ఊళ్లోనే ఆడవాళ్ల వీలును బట్టి రోజులు తగ్గితే, ఒక అపార్ట్‌మెంట్‌లో సద్దులు తగ్గితే వచ్చే నష్టం ఏముంది.

సద్దులనే తీసుకుందాం. పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, నిమ్మకాయ సద్ది, ఇవి కాక మలీద. అన్నం ఒక్కసారే వండి పళ్లెంలో ఆరబోసి పంచుకుంటే ఐదు సద్దులు పెద్ద పనేం కాదని అంటారు, నిజమే, అన్నం వరకు నిజమే. చింతపండు పులుసు విడిగా మరగాలి, నువ్వులు వేయించి కొట్టాలి, కొబ్బరి తురమాలి, మూడుసార్లు పోపు పెట్టాలి, మలీదకు రొట్టెలు కాల్చి వేడి మీదే బెల్లంతో నలపాలి. ఇవన్నీ అయ్యేసరికి ఒంటిగంట, అప్పుడు బతుకమ్మ ముందు కూర్చుంటే నాలుగు, స్నానం చేసి చీర కట్టుకుని బయటపడేసరికి ఆరు, వేయిస్తంభాల గుడి దగ్గర బండి పెట్టే జాగ దొరికేసరికి చీకటి. లోపలికి పోయి బతుకమ్మను దించాక రెండు పాటలు ఆడేసరికి కాళ్లు పట్టేస్తాయి. పండుగ అంతా ఏ ఆట కోసం చేశారో ఆ ఆటకు మిగిలింది పావుగంట. అదే పెరుగు సద్ది, నువ్వుల సద్ది రెండే చేసి మలీద చేస్తే పదిన్నరకు వంటింట్లో నుంచి బయటికి రావచ్చు. ఆట అయ్యాక పంచుకునేటప్పుడు ఎట్లాగూ అరచేతిలో తలా ఒక ముద్ద పెడతారు, ఒకరు పులిహోర తెస్తే ఒకరు కొబ్బరిది తెస్తారు, ఐదు రకాలూ ఆ గుంపులోనే దొరుకుతాయి. నలుగురు కలిసి తినే పండుగలో నలుగురూ ఐదేసి రకాలు చేసుకొస్తే ఇరవై గిన్నెలు, తిరిగి ఇంటికి మోసుకుపోయేవి పద్దెనిమిది.

డబ్బు సంగతి రెండు మాటల్లో. ఊళ్లలో దసరా ఖర్చు ముందొస్తుంది, పంట డబ్బు తర్వాతొస్తుంది. పత్తి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వచ్చేది అక్టోబర్ నుంచే, దసరా ఒక్కోసారి సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదట్లోనో వచ్చేస్తుంది. అంటే చీరలు, బట్టలు, మటన్, మందు అన్నీ చేబదుళ్ల మీద నడుస్తాయి, మిత్తి మాత్రం పండుగతో అయిపోదు. టెన్షన్‌లో పని వాటా ఎంతో అప్పు వాటా అంతకంటే తక్కువేం కాదు, మగవాళ్లు నోరు విప్పి చెప్పరు గానీ పండుగ పది రోజులూ వాళ్లకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఎక్కువసార్లు ఇదే.

ప్రయాణం ఇంకో తలనొప్పి. ఉప్పల్ నుంచి హన్మకొండకు మామూలు రోజుల్లో మూడు గంటలు, సద్దుల ముందు సాయంత్రం ఎంతసేపో ఎవరూ చెప్పలేరు, ఘట్‌కేసర్ దాటితేనే సగం గెలిచినట్టు. ఇంటికి చేరాక కూడా ఆగరు. దసరా ఒక్క రోజులో తల్లిగారింటికి పోవాలి, అత్తగారింట్లో జమ్మి పెట్టాలి, పరకాల ఒక దిక్కు, నర్సంపేట ఒక దిక్కు, నడుమ పెద్దనాన్న వాళ్లు "మా ఇంటికి రాకుండా పోతారా" అని ఫోన్. అందరి ఇంట్లో కొంచెం కొంచెం తిని ఎవరి దగ్గరా అరగంట కూర్చోకుండా తిరిగిన రోజు రాత్రికి మిగిలేది కడుపుబ్బరమూ, వెనక సీట్లో పిల్లల ఏడుపూ. ఎంగిలిపూల నాడు ఒక ఇంటికి, దసరాకు ఒక ఇంటికి, వచ్చే ఏడు తారుమారు అని తేల్చుకున్న కుటుంబాలు లేకపోలేదు, మొదటి ఏడు అలకలు ఉంటాయి, రెండో ఏడు అదే ఆనవాయితీ అయిపోతుంది. ఎట్లాగూ అలాయ్ బలాయ్ దసరా మర్నాడు కలిసినా, మూడో నాడు కలిసినా తప్పు పట్టేవాళ్లు లేరు.

2025 దసరా అనుకోకుండా ఒక చిన్న పరీక్ష పెట్టింది. అక్టోబర్ 2న పడింది, అంటే గాంధీ జయంతి, మందు షాపులు బంద్. దసరాకు ముక్కా చుక్కా లేకపోతే ఎట్లా అని నెల ముందు నుంచే గోల. ముందు రోజే తెచ్చిపెట్టుకున్నవాళ్లు తెచ్చిపెట్టుకున్నారు, ఇది దాచేదేం కాదు. దొరకనివాళ్లు పప్పూ గారెలతో తిని సాయంత్రం జమ్మి దగ్గరికి పోయారు, పాలపిట్టను చూడడానికి ఊరి బయటికి పోయారు. కలెక్టరు తేదీ మార్చలేదు, ఆకాశం విరిగి మీద పడలేదు. బయటి నుంచి ఒక అడ్డు వచ్చినప్పుడు ఇంత తేలిగ్గా సర్దుకున్న పండుగ, మనంతట మనం ఒకటి తగ్గించుకుందామంటే ఎందుకంత కష్టమవుతుందన్నదే అసలు చిక్కు.

దానికి జవాబు ఎక్కువగా ఎదుటివాళ్ల గురించి మనం వేసుకునే అంచనాలో ఉంటుంది. వదిన రకరకాలు చేస్తుంది ఆడబిడ్డ వస్తుందని. ఆడబిడ్డ చీరలు, పిల్లలకు బట్టలు మోసుకొస్తుంది వదిన అన్ని చేస్తుంది కదా, ఊరికే ఎట్లా పోవాలని. ఆ చీరలు చూసి వదిన వచ్చే ఏడు ఇంకో రకం కలుపుతుంది. ఇద్దరికీ నడుములు నొప్పులే, ఇద్దరూ ఎదుటామె ఇవన్నీ కోరుకుంటుందనే అనుకుంటారు, ఒక్కసారి కూడా అడగరు. అడగాల్సిన సమయం కూడా ముఖ్యం, సద్దుల ముందు రోజు "ఈసారి తక్కువే చేస్తున్నా" అంటే ఎదుటివాళ్లకు చిన్నతనం చేసినట్టే ఉంటుంది, అప్పటికి వాళ్లు చీర కొనేసి ఉంటారు. పెత్రమాసకు పది రోజుల ముందు, ఇంకా ఎవరూ ఏదీ కొనకముందు, ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క పెడితే చాలు: ఈయేడు బట్టలు ఇచ్చిపుచ్చుకోవడం లేదు, సద్దులు రెండు రకాలే, దసరా నాడు ఒక కూర, అందరూ ఒక్క ఇంట్లోనే, గిన్నెలు మగవాళ్లు కడుగుతారు. చివరి ముక్కకు నవ్వే బొమ్మలు వస్తాయి, రానివ్వండి, ఎవరు ఏ పూట కడగాలో పేర్లు కూడా రాసేయండి. కాసేపు ఎవరూ పలకరు. తర్వాత ఆడబిడ్డ నుంచి "మంచిగైంది వదినా, నేనే అడుగుదామనుకున్న" అని వస్తుంది. ఇంకో పది నిమిషాలకు చిన్న తమ్ముడు అడుగుతాడు, ఒక్క కూరైతే మటన్ ఎన్ని కిలోలు తేవాలని.